పాత మ్యూజియం భవనం మళ్లీ తెరవాలంటే ముందు నీళ్ల సంగతి, ఆఖరున రంగుల సంగతి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 140 ఏళ్ల నాటి రెండంతస్తుల మ్యూజియం. ముందు వరుసగా పెద్ద స్తంభాలు, వాటిమీద త్రికోణపు పెడిమెంట్, మధ్య హాలుకు పైకప్పులో గాజు పలకలు. మొత్తం పాశ్చాత్య శైలి కట్టడం. తొమ్మిదేళ్లుగా మూసి ఉంది. కింది గోడల పూత నడుమెత్తు వరకు రాలిపోతోంది, పై హాలు సీలింగులో గోధుమరంగు మరకలు పడ్డాయి. కాంట్రాక్టరు ఇచ్చిన ప్లాన్ ఏమిటంటే, పాత పూతంతా కొట్టేసి వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత వేయడం, కింద ఫాల్స్ సీలింగ్ కట్టడం, రంగులు, ఏసీ, కొత్త లైట్లు, పన్నెండు నెలల్లో ప్రారంభోత్సవం. ఇది సరైనదేనా, ఏ పని తర్వాత ఏ పని చేయాలి, జనాన్ని ఎప్పుడు లోపలికి రానివ్వొచ్చు అని అడిగారు.

నేను పాత భవనాల మరమ్మతు పనిలో 30 ఏళ్లుగా ఉన్నాను. అందులో మ్యూజియాలే ఎక్కువ. సూటిగా చెబుతున్నాను, ఆ ప్లాన్ మీద సంతకం పెట్టకండి. ఆ కాంట్రాక్టరుకు పని రాదని కాదు. కొత్త భవనం కట్టే పద్ధతి ఆయనకు బాగా తెలిసే ఉంటుంది. కానీ మీ భవనం గోడలు నీటిని ఆపే గోడలు కావు. పీల్చుకుని, తిరిగి వదిలే గోడలు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మీరడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇటుక, సున్నంతో కట్టిన మందపాటి గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. ఇటుకలోనూ సున్నపు పూతలోనూ కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. లోపలికి వెళ్లిన చెమ్మ వాటిగుండానే ఆవిరై బయటికి పోతుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ పైనుంచి లోపలికి మెల్లగా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కూడా సిమెంటుకంటే మెత్తగానే ఉంటుంది. గోడ కొంచెం కదిలితే వెంట్రుకవాసి పగుళ్లతో సరిపెట్టుకుంటుంది. సిమెంటు పూత దట్టంగా, మొండిగా ఉంటుంది. తడి గోడమీద దాన్ని వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. దారి మూసినంత మాత్రాన చెమ్మ రావడం మానదు. సిమెంటు ఎక్కడ ఆగిందో అక్కడిదాకా గోడలోపలే ఎక్కుతుంది.

ఇది పుస్తకాల్లో చూసి చెప్పడం లేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పాత గ్రంథాలయ భవనంలో కింది గోడలకు ఒకటిన్నర మీటరు ఎత్తు వరకు సిమెంటు పూత వేయడానికి నేనే ఒప్పుకున్నాను. ప్రారంభం రోజున గోడ అద్దంలా ఉంది. మూడో ఏడాది వానలు వెళ్లేసరికి ఆ సిమెంటుకు పైన, అంతవరకు చెక్కుచెదరని గారపని ఉబ్బి ఊడిపడింది. సిమెంటు తీయబోతే దానితోపాటు ఇటుకల ముఖం పెచ్చులు పెచ్చులుగా వచ్చేసింది. ఆ ఇటుకలను మళ్లీ తేలేం. ఆ గోడ గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ గోడలకు ఆ గతి పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మరి మీ దగ్గర నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? చూడకుండా చెప్పలేను గానీ, ఈ తరహా భవనాల్లో ఒక జబ్బు దాదాపు ప్రతిచోటా ఉంటుంది. గ్రీకు, రోమన్ పద్ధతిలో ముఖభాగం కట్టినవాళ్లకు పైకప్పు గానీ నీటి గొట్టాలు గానీ ముందునుంచి కనపడటం ఇష్టం ఉండదు. అందుకని కప్పు అంచును ఎత్తైన పిట్టగోడ వెనక దాచేస్తారు. వాన నీళ్లు ఆ పిట్టగోడ వెనకనున్న కాలువలోకి దిగి, అక్కడినుంచి గోడలో దాచిన గొట్టాల్లోకి పోతాయి. చూడటానికి అందం. కానీ గుప్పెడు ఆకులు తూముకు అడ్డం పడితే చాలు, ఆ నీళ్లన్నీ నేరుగా గోడ నడిమిలోకి దిగుతాయి. చూరు ఉన్న ఇంట్లో తూము మూసుకుపోతే నీళ్లు బయటికి పొంగిపోతాయి, ఎవరైనా చూస్తారు. ఇక్కడ లోపలికి పొంగుతాయి, ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. మీ సీలింగు మరకలకు తిన్నగా పైన వెతికితే కారణం దొరక్కపోవచ్చు. దూలం వెంబడి నీళ్లు రెండు మూడు మీటర్లు నడిచి తర్వాతగానీ కిందికి కారవు.

కాబట్టి తొలి ఖర్చు పైకప్పు మీదే. పెంకులు, పలకలు సరిచేయడం, పిట్టగోడ వెనక కాలువ మొత్తం విప్పి కొత్త రేకు వేయడం, లోపలి గొట్టాల్లోకి కెమెరా దింపి చూడటం. పగిలిన గొట్టాన్ని బాగుచేయడం కుదరకపోతే, వెనకవైపు గోడకు బయటినుంచి కొత్త గొట్టం దింపండి. ముందువైపు అందం చెడదు, గోడ బతుకుతుంది. తూము మూసుకుపోయినా నీళ్లు బయటికి చిమ్మేలా పిట్టగోడకు ఒకటి రెండు పొంగు గొట్టాలు తప్పకుండా పెట్టించండి. నా లెక్కలో మొత్తం పనిలో ఇంత చవగ్గా ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు. పిట్టగోడలో మొలిచిన రావి, మర్రి మొక్కలను మాత్రం గుంజి పీకనివ్వకండి. వేరుతోపాటు ఇటుక వరస కూడా వస్తుంది. కాండం కోసి, మొదలుకు మందు పెట్టి, వేరు చచ్చాక గోడ విప్పి తీయాలి.

ఇక కింది గోడల సంగతి. "నేలలోంచి చెమ్మ ఎక్కుతోంది, గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించాలి" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అంతకన్నా ముందు భవనం చుట్టూ నేలను కొలవండి. నూరేళ్లలో రోడ్డు మీద రోడ్డు, మొక్కల మళ్లు, సిమెంటు గచ్చు వేసుకుంటూ పోతే బయటి నేల లోపలి నేల కన్నా ఎత్తయిపోతుంది. పునాదికి పైన గాలి ఆడటానికి వదిలిన కన్నాలు మట్టిలో కూరుకుపోతాయి. ఆ మట్టి తీసి, నేలను పాత మట్టానికి దించి, గోడ పక్కన కంకర నింపిన కాలువ వేస్తే సగం చెమ్మ దానంతట అదే తగ్గిపోయిన భవనాలు చాలా చూశాను. తగ్గిందో లేదో తెలుసుకోవడానికి గోడకు రెండు పిన్నులు ఆనించి అంకె చూపే మీటరును నమ్మకండి. గోడలో ఉప్పు ఉంటే అది ఆరిన గోడను కూడా తడి అంటుంది. చిన్న డ్రిల్లుతో పొడి తీసి, తూచి, ఆరబెట్టి, మళ్లీ తూయించండి. నాలుగు ఎత్తుల్లో అలా తీస్తే చెమ్మ కిందినుంచి వస్తోందో పైనుంచి వస్తోందో తేలిపోతుంది.

ఇప్పుడు మీ పన్నెండు నెలల గడువు చూద్దాం. నీటి దారి ఆపాక తడిసిన గోడ ఆరడానికి మా పనిలో ఒక మోటు లెక్క ఉంది: నెలకు 25 మిల్లీమీటర్లు. మీ గోడ 600 మిల్లీమీటర్ల మందం ఉండి, రెండువైపులా గాలి తగిలితే ఒక్కోవైపు 300. అంటే ఆరడానికే ఏడాది. ఆరకుండా వేసిన ఏ పూతైనా, ఏ రంగైనా ఊడిపోతుంది. కాంట్రాక్టరు ప్లాన్ కాగితం మీదే తప్పని మీ కమిటీకి చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఆరేటప్పుడు గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. చూసి భయపడకండి, అది మంచి గుర్తే. చెమ్మతోపాటు ఉప్పు పైకి వస్తోందన్న మాట. రాలినదాన్ని పొడి బ్రష్షుతో తీసి, అక్కడే కింద పడేయకుండా ఎత్తి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఉప్పు బాగా పట్టిన చోట డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన కాగితపు గుజ్జును గోడకు పట్టించి, ఆరాక ఊడదీస్తే చాలా ఉప్పు దానిలోకి దిగుతుంది. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. తర్వాత పలచని సున్నపు పూత ఒకటి వేసి దాన్ని పాడవనివ్వాలి. మిగిలిన ఉప్పును అది తీసుకుంటుంది, రెండేళ్లకు దాన్ని తీసి అసలు పూత వేస్తారు. డబ్బు దండగ అని కమిటీలో అంటారు. పాత ఇటుకకు బదులు కొత్త పూత పోతోంది కదా, అది దండగ కాదు.

గోడలు ఆరుతున్న ఈ ఏడాది ఖాళీగా కూర్చునే ఏడాది కాదు. భవనాన్ని చదివే ఏడాది. ప్రతి గదినీ కొలిచి డ్రాయింగులు వేయించండి, లేజర్ స్కాన్ చేయించగలిగితే ఇంకా మంచిది. పగుళ్లన్నిటికీ గాజు పట్టీలో, కొలత గేజులో అతికించి కనీసం ఒక ఎండాకాలం, ఒక వానకాలం చూడండి. పగుళ్లలో సగానికి పైగా ఏనాడో ఆగిపోయినవే అయి ఉంటాయి. కదులుతున్న పగులు వేరు, దానికి వైద్యం వేరు.

కలప దూలాలున్నట్టయితే వాటి నడుమ కాదు, గోడలోకి వెళ్లిన కొసలు చూడాలి. చెమ్మ అక్కడే చేరుతుంది. కలపలో తేమ 20 శాతం దాటితే పుచ్చు మొదలవుతుంది. సన్నని సూదిని దించి కలప గట్టిదనాన్ని గీత గీసి చూపే యంత్రాలున్నాయి, విప్పకుండానే తెలుస్తుంది. కొస పుచ్చితే ఆ మేరకు కోసి, అదే జాతి కలప ముక్కను ఏటవాలు జోడింపుతో అతికితే సరిపోతుంది. దూలం మొత్తం మార్చి ఇనుప గర్డరు వేయడం నాకు నచ్చదు. బరువు దిగే దారి మారిపోతుంది, గోడ దాన్ని ఒప్పుకోకపోవచ్చు. ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులతో వేసిన అంతస్తయితే దూలం కింది అంచు తుప్పు చూడండి. తుప్పుకు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు కావాలి. ఆ ఒత్తిడికే పక్కనున్న రాళ్లు, ఇటుకలు పగులుతాయి. జనం గుంపుగా నిలబడే మ్యూజియం హాలుకు చదరపు మీటరుకు 300 నుంచి 500 కిలోల బరువు లెక్క వేస్తారు. పాత అంతస్తు అంత మోస్తుందా అన్నది కాగితం మీద తేలకపోతే, నీళ్లు నింపిన సంచులు పరిచి కొలవడం ఒక పద్ధతి. ఎంత వంగిందన్నదానికన్నా, నీళ్లు తీసేశాక మళ్లీ యథాస్థితికి వచ్చిందా అన్నది చూడాలి. రాకపోతే పై హాలులోకి విడతకు ఇంతమందినే పంపుతామని నియమం పెట్టుకోవచ్చు. అంతస్తునంతా బద్దలుకొట్టడం కన్నా అది ఎంతో మేలు.

భూకంపం వచ్చే ప్రాంతమైతే ఇంకో పెద్ద అధ్యాయం ఉంది. జపాన్‌లో క్యోటో మ్యూజియం కోసం వాస్తుశిల్పి కతయామ తోకుమ పాశ్చాత్య శైలిలో ఇటుక భవనం గీస్తుండగా 1891లో నోబి భూకంపం వచ్చి ఇటుక కట్టడాలు ఘోరంగా కూలాయి. మూడంతస్తులనుకున్న భవనాన్ని ఒక్క అంతస్తుకు కుదించి 1895లో పూర్తిచేశారు. టోక్యోలో లె కార్బూజియే గీసిన 1959 నాటి మ్యూజియం ఆఫ్ వెస్టర్న్ ఆర్ట్ కింద 1998లో రబ్బరు బేరింగులు పెట్టి భవనం మొత్తాన్నీ నేల కదలికనుంచి విడదీశారు. మీకు అంత అవసరం లేకపోవచ్చు. కానీ భూకంపంలో ముందుగా కూలేది పిట్టగోడ, దానిమీద బొమ్మలు, పెడిమెంట్. అవి పడేది సరిగ్గా ప్రవేశద్వారం ముందు. వాటిని వెనకనుంచి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో కప్పుకు కట్టించడం మాత్రం ఎక్కడున్నా చేయించండి.

నిప్పు గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనీరోలో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. మంట కింది అంతస్తు ఆడిటోరియంలోని ఏసీ దగ్గర మొదలైందని దర్యాప్తులో తేలింది. రెండువందల ఏళ్లుగా సేకరించిన వస్తువులు, ఇక వినిపించని భాషల రికార్డులు ఒక్క రాత్రిలో పోయాయి. పాత వైరింగు మీద కొత్త ఏసీలు తగిలించడం అంటే నాకు అందుకే వణుకు. మీ భవనంలో పాత వైర్లు ఒక్క మీటరు కూడా మిగలకూడదు. రెండోది, మరమ్మతు పనిలోనే పుట్టే మంట. ఇంగ్లండ్‌లో అప్‌పార్క్ అనే పాత భవనంలో మరమ్మతులు మరో రెండు రోజుల్లో ముగుస్తాయనగా, 1989 ఆగస్టు 30న కప్పుమీద సీసపు రేకు అతికే పనివాళ్ల మంట అంటుకుని పైఅంతస్తులు కాలిపోయాయి. కింద ఉన్న సామాను చాలావరకు సిబ్బంది బయటికి చేరవేయగలిగారు కాబట్టి దక్కింది. భవనాన్ని తిరిగి తెరవడానికి 1995 దాకా పట్టింది. అందుకే మా ఒప్పందాల్లో పైకప్పు మీద మంటతో చేసే పనులే ఉండవు. రేకు మడతలతో కలుపుతాం, బోల్టులు వాడతాం. వెల్డింగ్ తప్పనిసరైతే కింద నేలమీద చేసి పైకి ఎత్తుతాం. వెల్డింగ్ జరిగిన రోజు పని ఆపాక కూడా ఒక మనిషి గంటసేపు అక్కడే కాపలా ఉంటాడు.

ఫాల్స్ సీలింగ్ మాట చూసి మనసు చివుక్కుమంది. మీ మధ్య హాలుకు గాజు కప్పు పెట్టింది అలంకారానికి కాదు. కరెంటు దీపాలు లేని రోజుల్లో గోడలన్నీ ప్రదర్శనకు వదిలి, వెలుతురు పైనుంచి సమంగా దిగేలా చేసిన ఏర్పాటు అది. దాన్ని కప్పేస్తే ఆ హాలు ఎందుకు కట్టారో అర్థమే కాదు. పైగా సీలింగు వెనక కారుతున్న నీళ్లు ఇక ఎవరికీ కనపడవు. గాజు పలకలను పగిలినా ముక్కలు రాలని లామినేటెడ్ గాజుతో మార్చండి. అతినీలలోహిత కిరణాలను ఆపే పొర, కింద తెరుచుకుని మూసుకునే తెరలు పెట్టండి. కాగితం, బట్టలు, నీటిరంగుల చిత్రాలకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం), తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాటకూడదన్నది మ్యూజియాల్లో పాటించే హద్దు. నడి ఎండలో లక్ష లక్స్ ఉంటుందని గుర్తుంచుకుంటే తెర ఎందుకో తెలుస్తుంది. రాతి శిల్పాలకు, లోహపు వస్తువులకు వెలుతురు బెడద అంతగా లేదు. వాటిని ఆ మధ్య హాలులో పెట్టి, కాగితాలను కిటికీలు తక్కువున్న గదుల్లోకి మార్చితే సగం సమస్య యంత్రాలు లేకుండానే తీరుతుంది.

ఏసీ విషయంలో కూడా ఇలాగే ఆలోచించాలి. బయట వేడి, ఉక్క ఉండి లోపల మొత్తం భవనాన్ని 20 డిగ్రీలకు చల్లబరిస్తే, బయటి తేమ పీల్చే గోడగుండా లోపలికి నడిచి చల్లటి పూత దగ్గర నీరవుతుంది. అల్మరాల వెనక, బయటి గోడకు ఆనించి వేలాడదీసిన పటాల వెనక బూజు పట్టేది అందుకే. ఒకప్పుడు మ్యూజియాల్లో తేమ 50 శాతం, దానికి 5 అటూ ఇటూ తప్ప మారకూడదని పట్టుబట్టేవాళ్లు. ఇప్పుడు చాలా రకాల వస్తువులకు తేమ 40 నుంచి 60 శాతం, ఉష్ణోగ్రత 16 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండి, ఒక్క రోజులో తేమ 10 శాతానికి మించి మారకుంటే చాలని పెద్ద మ్యూజియాలే ఒప్పుకున్నాయి. అత్యంత సున్నితమైన వస్తువులకు గాలి చొరబడని అద్దాల పెట్టెల్లో తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు పెట్టి, ఆ పెట్టె వరకే వాతావరణం కాపాడండి. మిగతా భవనానికి గాలి ఆడే పాత దారులు తెరవండి. ఎత్తైన కిటికీలు, పైన వేడిగాలి పోయే కన్నాలు కట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. గుర్తుంచుకోండి, భవనం కోసం వస్తువుల జాబితా మార్చడం సులువు. వస్తువుల కోసం భవనం స్వభావం మార్చడం దాదాపు అసాధ్యం.

మీరు రాసిన ఒక మాట నన్ను ఆపింది: "ఎలాగూ పరాయి శైలి భవనమే కదా, లోపల మార్చుకుంటే తప్పేంటి అని కమిటీలో కొందరు అంటున్నారు." ఈ మాట పాతదే. క్యోటో భవనం గీసిన కతయామే 1894లో నారాలో కట్టిన మ్యూజియాన్ని, ప్రాచీన ఆలయాల నగరానికి ఈ పాశ్చాత్య వేషమేంటని చాలామంది తప్పుపట్టారు. ఇప్పుడు అదే భవనం ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా ప్రభుత్వ రక్షణలో ఉంది, లోపల బౌద్ధ శిల్పాలు కొలువై ఉన్నాయి. మీ స్తంభాలను దగ్గరికి వెళ్లి చూడండి. దూరానికి రాయిలా కనిపించేది ఇటుకమీద గారపని అయి ఉండొచ్చు. పుస్తకంలోని రోమన్ బొమ్మను చూసి, స్థానిక తాపీవాళ్లు తమకు తెలిసిన సున్నంతో, తమ చేతివాటంతో దించిన ఆకులవి. ఒక స్తంభం తలమీది ఆకులు, పక్క స్తంభం ఆకులు కొలిస్తే ఒకేలా ఉండవు. ఒకచోట పనివాడి బొటనవేలి గుర్తు కూడా దొరికింది నాకు. దాన్ని పరాయిదని ఎలా అంటాం? అందుకే ఒక్క తలకు అచ్చు తీసి అన్నిటికీ అదే పోసేయకండి. విరిగిన ఆకును ఆ స్తంభంలోనే మిగిలిన ఆకు చూసి చేయించాలి. ఆధారం లేని చోట ఊహతో పూర్తిచేయకుండా సాదాగా వదిలేయాలి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలన్నది పాత కట్టడాల పరిరక్షణపై 1964లో రాసుకున్న వెనిస్ ఒడంబడికలోనే ఉంది.

రంగుల ప్రశ్న అప్పుడొస్తుంది. "మొదట్లో తెలుపే" అని అందరూ అనుకుంటారు. గోడనుంచి మిల్లీమీటరంత రంగు పెచ్చు తీసి, అడ్డంగా కోసి, మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు వలయాల్లా పొరలు కనిపిస్తాయి. పదిహేను, ఇరవై పొరలు కూడా చూశాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో కయ్‌పర్స్ కట్టిన 1885 నాటి రైక్స్ మ్యూజియంలో ఆయన వేయించిన గోడ అలంకారాలకు తర్వాతి తరాలవాళ్లు తెల్లరంగు కొట్టేశారు. 2003లో మూసి 2013లో తెరిచిన పెద్ద పనిలో వాటిలో కొంత మళ్లీ బయటికి వచ్చింది. ముంబైలో 1872లో తెరిచిన, ఇప్పుడు డాక్టర్ భావ్ దాజీ లాడ్ మ్యూజియం అని పిలిచే భవనం కూడా పునరుద్ధరణ తర్వాత తన విక్టోరియన్ రంగులు, బంగారు పూతలతో 2008లో తెరుచుకుంది. ఆ పనికి 2005లో యునెస్కో పురస్కారం వచ్చింది.

అయితే ప్రతి భవనాన్నీ కొత్తగా మెరిపించాలని లేదు. బెర్లిన్‌లో స్టూలర్ కట్టిన నోయెస్ మ్యూజియం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి, దశాబ్దాలు శిథిలంగా ఉండిపోయింది. వాస్తుశిల్పి డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ బృందం బాగుచేసి 2009లో తెరిచినప్పుడు కాలిన మచ్చలను, సగం రాలిన చిత్రాలను అలాగే నిలిపి, పోయిన చోట పాత ఇటుకలతో సాదాగా పూరించింది. నాకు ఈ రెండో దారి అంటేనే ఇష్టం ఎక్కువ. కానీ అది నా ఇష్టం. మీరు చేయాల్సింది పొరలు చూసి, ఏ కాలాన్ని చూపించబోతున్నారో కమిటీ చేత ముందే రాతపూర్వకంగా నిర్ణయం చేయించుకోవడం. లేదంటే ఒక గది 1885, ఇంకో గది 1930 అయిపోతుంది.

జనాన్ని ఎప్పుడు రానివ్వాలి? నా సలహా: రెండో ఏడాదే, భవనంలో కొంత భాగానికి. పైకప్పు పని అయ్యి, కొత్త వైరింగు పడి, ఒక హాలు గట్టిదని తేలాక, ఆ హాలు తెరవండి. వారానికి రెండు రోజులు, విడతకు ఇరవై మంది, వెంట ఒక మనిషి. ఒకచోట పరంజా మీద గారపని చేసేవాళ్లను దగ్గరగా చూసే వీలు కల్పించండి. ఒక గోడ మీద చేతి వెడల్పున రంగు పొరలను మెట్లుమెట్లుగా తెరిచి వదిలేయండి. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడేది దాని ముందే. పని సాగుతుండగా చూసినవాళ్లే తర్వాత ఈ భవనం కోసం మాట్లాడే మనుషులవుతారు.

ముందు మెట్లమీద శాశ్వతంగా సిమెంటు ర్యాంపు పోయొద్దు. పక్క ద్వారం మట్టం చూడండి. చాలా భవనాల్లో అది నేలకు దగ్గరగానే ఉంటుంది. దాన్నే అందరికీ ప్రధాన ద్వారం చేయండి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ఒక్కరికే కాదు. లిఫ్టును తర్వాతి కాలంలో కలిపిన గదుల్లోనో, భవనం వెనక విడిగానో నిలబెట్టండి. రేపు తీసేయాలన్నా గోడకు గాయం మిగలకూడదు.

టెండరు గురించి రెండు మాటలు. తక్కువ రేటుకు ఇచ్చేస్తే ఈ పని చెడుతుంది. ముందుగా పునాది నుంచి పిట్టగోడ దాకా ఒక్క స్తంభం వెడల్పు ముక్కను నమూనాగా చేయించండి. దాన్ని ఒక వానకాలం నిలవనిచ్చి, చూసి, అప్పుడు మిగతాది ఇవ్వండి. సున్నం నానబెట్టి మాగనిచ్చే ఓపిక ఉన్న మేస్త్రీ ఎవరో, డ్రమ్ములో చాటుగా సిమెంటు కలిపేదెవరో ఆ ముక్కే చెబుతుంది. కొట్టేసిన పాత పూత ముక్కలను గది పేరు రాసి సంచుల్లో దాచండి. ఇసుక పాళ్లు తెలియాలంటే అవే ఆధారం. బడ్జెట్‌లో ఐదో వంతు ఏ పద్దుకూ రాయకుండా ఉంచండి. గోడ విప్పితే ఏం బయటపడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. మొత్తంమీద మూడు నుంచి నాలుగేళ్లు అడగండి.

ఇంకొకటి ఉంది, అది మీరు అడగలేదు. ప్రారంభోత్సవానికి ముందే, ఏడాదికి నాలుగుసార్లు పైకప్పెక్కి కాలువలు ఊడ్చే మనిషి జీతం, ఆయన నడవడానికి కప్పుమీద చెక్క బాట, పట్టుకోవడానికి తాడు, రాయడానికి ఒక పుస్తకం, ఇవన్నీ ఏటా వచ్చే బడ్జెట్‌లో చేర్పించండి. నేను పనిచేసిన ఒక మ్యూజియంలో ఏడు నెలలు కూర్చుని నిలబెట్టిన గార సీలింగు, తెరిచిన నాలుగో ఏట ఒక్క వానకు తడిసి కూలింది. పైకెక్కి చూస్తే తూములో పావురాల గూడు, దానికింద రెండు గుప్పెళ్ల ఆకులు ఉన్నాయి. కప్పుమీదికి వెళ్లే తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ రోజు అక్కడ ఎవరికీ తెలియలేదు. మీ భవనంలో ఆ తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందో రేపే కనుక్కోండి. ఈ వానలు మొదలయ్యేలోపు ఎవరినైనా వెంటబెట్టుకుని పైకెక్కి చూసి, పిట్టగోడ వెనక కాలువ ఫోటోలు పెట్టండి. అవి చూశాక మిగతాది మాట్లాడుకుందాం.